నా పేరులో మొదటి పిడికెడు ఎవరిది?

కొంపల్లిలో మా అపార్ట్‌మెంటుకు దగ్గర్లో ఒక పెద్ద మాల్ ఉంది. అందులో పై అంతస్తులో తిండి దుకాణాలన్నీ ఒకేచోట వరసగా ఉంటాయి. చల్లటి గాలి కోసం మా ఆవిడ యాదమ్మ, యాదమ్మ కోసం నేను, అప్పుడప్పుడు సాయంత్రాలు అక్కడికి వెళుతుంటాం. మొన్న వెళ్లినప్పుడు కాఫీ వాసననూ, నూనెలో వేగుతున్న కోడిముక్కల వాసననూ పక్కకు నెట్టుకుంటూ మరో వాసన వచ్చి నా ముక్కు పట్టుకుంది. జొన్నరవ్వ మెత్తగా ఉడికి, అడుగున కొంచెం మాడి, పైన కుతకుతమంటున్నప్పుడు వచ్చే గట్క వాసన. చిరుధాన్యాల దుకాణమట. గట్కను తెల్లటి గిన్నెలో పోసి, పైన దానిమ్మ గింజలు చల్లి అమ్ముతున్నారు. ఆ దానిమ్మ గింజలు చూసి నాకు ఒళ్లు మండింది గానీ, వాసన మాత్రం అసలుదే. కౌంటరు దగ్గర అమ్మాయి పేరడిగింది, చెప్పాను. "భిక్షపతి... అంటే ఏంటి అంకుల్?" అంది. ఎగతాళి కాదు, నిజంగానే తెలియక అడిగింది. అరవై దాటిన మనిషిని, సొంత పేరుకు అర్థం ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తెలియక గిన్నె పట్టుకొని అలాగే నిలబడ్డాను.

మా ఊరు లాల్‌గడి మలక్‌పేట్. పుట్టిన పిల్లలు దక్కని తల్లి, మళ్లీ బిడ్డ పుట్టి కాస్త లేచి తిరగగలిగే రోజు రాగానే, ఆ బిడ్డను సంకనేసుకొని, చీర కొంగు జాపి ఇల్లిల్లూ తిరిగి గింజలు అడుక్కోవాలని అప్పట్లో మా వైపు ఒక ఆచారం ఉండేది. కలిగిన ఇల్లయినా సరే, గరిసె నిండా వడ్లున్నా సరే, అడుక్కోవాల్సిందే. ఒకరు జొన్నలు, ఒకరు నూకలు, ఒకరు పెసర్లు, ఏది ఉంటే అది పిడికెడు వేస్తారు. అవన్నీ ఒకే కుండలో పోసి గట్క వండి, ఒక్క మెతుకు చిదిమి పసిబిడ్డ నాలుకకు రాసి, మిగతాది తల్లి తింటుంది. ఇక ఆ బిడ్డ ఆ ఇంటి బిడ్డ కాదు, ఊరు పెట్టిన భిక్ష. ఆ ఇంటి పిల్లల్ని ఎత్తుకుపోయే అలవాటు పడిన చావు, ఈ బిడ్డ తనది కాదనుకొని వదిలేసి పోవాలి. ఆడపిల్లయితే భిక్షమ్మ, మగపిల్లాడైతే భిక్షపతి. ఇంట్లో అందరికీ బిచ్చపతి. నాకంటే ముందు పుట్టిన వాళ్లెవరూ మా అమ్మకు దక్కలేదు. నేను దక్కాను.

ఇంతవరకూ తికమక ఏమీ లేదు. తికమకంతా మొదటి పిడికెడు దగ్గర వస్తుంది. మొదటి పిడికెడు ఎవరి చేతిది అన్నది తల్లి పిల్లాడి పెళ్లిదాకా బయటపెట్టకూడదు. చెబితే ఫలం పోతుందని నమ్మకం. పెళ్లి పందిట్లో ఆ చేతికి చీర పెట్టి, అప్పుడు నలుగురిలో చెప్పాలి. మా అమ్మ చెప్పలేదు. చెప్పే రోజు వచ్చేదాకా ఆమె ఉండలేదు.

చిన్నప్పుడు మాత్రం ఆ పేరుతో నేను ఊరంతా రాజ్యం ఏలాను, ఊరంతా నన్ను ఏలింది కూడా. వానాకాలంలో తడిసిన చొప్ప వాసన, పాలుపట్టిన మక్కకంకుల్ని గట్టు మీద పిడకల నిప్పులో కాల్చుకొని మూతులు నల్లగా చేసుకొని ఇళ్లకు రావడం, షామీర్‌పేట చెరువు నిండిందంటే చాలు ముదిరాజుల ఆడవాళ్లు నెత్తిన చేపల గంపలతో మా వాకిళ్ల ముందు వేసే కేకలు, ఎండాకాలం ఈతపండ్లు, తాటిముంజలు, ముంజలు తినేశాక ఆ బుర్రల్నే పుల్లకు గుచ్చి బండి చేసి దుమ్ములో తోసుకుంటూ పరుగెత్తడం, ఇవన్నీ అందరు పిల్లలకూ ఉండేవే. నాకు మాత్రం అదనంగా ప్రతి ఇంట్లోనూ వాటా ఉండేది. సద్దుల బతుకమ్మ నాడు చెరువు గట్టు మీద ఆడవాళ్లు సత్తుపిండి పంచుకుంటుంటే నా చెయ్యి ముందుగా నిండేది. పీర్ల పండుగకు మలీద ముద్ద, రంజాన్‌కు సేమియా పాయసం నా కోసం మూతపెట్టి ఉంచేవారు. పోతే, తిన్నదానికి చాకిరీ కూడా ఉండేది. "మా గింజ తిన్నోనివి, గీ గంప జర దించు" అని ఒకరు, "మా గింజ తిన్నోనివి, మా బర్రెను తోలుకరా పో" అని ఇంకొకరు. చిర్రగోనె, అదే బిళ్లంగోడు, ఆటలో నా వంతు వచ్చే సమయానికే ఊళ్లో ఎవరికో ఒకరికి నేను గుర్తొచ్చేవాడిని.

బడిలో వేరే గోల. పిల్లలు నా ముందు చెయ్యి చాపి "అయ్యా, బువ్వెయ్యి" అని ముక్కుతో రాగం తీసేవారు. ఏడుస్తూ ఇంటికొచ్చి పేరు మార్చమని అమ్మ ప్రాణం తీసేవాడిని. ఆమె పొయ్యి ముందు కూర్చొని, ఊదుగొట్టం పక్కన పెట్టి, "నీ పేరు నేను వెట్టలే బిడ్డా. ఊరు వెట్టింది. ఊరునడుగు పో" అనేది. అడగడానికి నేను నిజంగానే బయలుదేరేవాడిని.

ముందు కుమ్మరి ఈదవ్వ దగ్గరికి వెళ్లేవాడిని, ఎందుకంటే ఆమె ఇల్లే దగ్గర. ఈదవ్వ పచ్చికుండ అడుగును చెక్కతో తడుతూ, తల ఎత్తకుండానే తీర్పు చెప్పేది. "నీ గట్క ఉడికిన కుండ నాది. అండ్ల వడ్డ మొదటి పిడికెడు సుత నాదే. పెసర్లు ఏసిన." అక్కడినుంచి బూబమ్మ ఇంటికి పరుగెత్తేవాడిని. బూబమ్మ భర్త మేడ్చల్ సంతలో మేకల బేరం చేసేవాడు, ఆమె ఇంటి ముందు నులకమంచం మీద కూర్చొని అందరి ఆడపిల్లలకూ గోరింటాకు పెట్టేది. "అరే బేటా, ఆ కుమ్మరామె ఝూట్ చెప్తది. మీ అమ్మ పహలే మా ఇంటికే వచ్చింది. గోధుమలు ఇచ్చిన. నా చెయ్యి చూడు, గిదే చెయ్యి" అని ఎర్రగా పండిన అరచెయ్యి నా ముఖం ముందు పెట్టేది. పెసర్లా, గోధుమలా? నేను రెండిళ్ల మధ్య దారిలో నిలబడి నా కడుపును చూసుకునేవాడిని, అదేమైనా చెబుతుందేమోనని. తిలాపాపం తలా పిడికెడు అంటారు. నా విషయంలో పుణ్యాన్ని తలా పిడికెడు పంచుకుంటున్నారని, ఎవరూ తమ పిడికెడు వదులుకోరని నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఊళ్లో ఒక్క ఇల్లు మాత్రం నన్ను ఎన్నడూ పిలవలేదు. అది మా పెద్దమ్మ ఇల్లు, మా నాయినకు సొంత అన్న భార్య. మా రెండిళ్లకూ మధ్య ఒక గోడ, గోడకంటే ఎత్తుగా ఒక తగాదా. ఉమ్మడి బావి నీళ్ల వంతు దగ్గర అన్నదమ్ములకు మాటామాటా పెరిగి, అప్పటినుంచి మాటలే లేవు. పెద్దమ్మకు నలుగురు కొడుకులు, నలుగురూ గుండ్రాళ్లలా ఉండేవారు. చిన్నవాడు నర్సింలు నాకంటే ఏడాది పెద్ద, బయట మాతో ఆడేవాడు, ఇంటి ముందుకు రాగానే నన్ను ఎరగనట్టు నడిచేవాడు. పెద్దమ్మ గడపలో నిలబడి నన్ను చూసేది. అదేం చూపో నాకు తెలిసేది కాదు. కోపమంటే ఈదవ్వ కోపం తెలుసు, నాయిన కోపం తెలుసు, ఇది ఆ రకం కాదు. నేను తలెత్తితే లోపలికి వెళ్లిపోయేది.

ఒకసారి నేను కొట్టిన చిర్ర వెళ్లి వాళ్ల వాకిట్లో పడింది. తెచ్చుకుందామని వెళితే పెద్దమ్మ చాటతో కోళ్లకు జొన్నలు చల్లుతోంది. నన్ను చూడగానే ఆమె చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. చాట అక్కడే పడేసి, లోపలికి పోయి తలుపు వేసుకుంది. కోళ్లు నా కాళ్ల చుట్టూ చేరి వేళ్లను పొడుస్తుంటే, చిర్ర వెతుక్కొని బయటికొచ్చాను. మా గుమ్మంలో అమ్మ నిలబడి చూస్తోంది. ఆ ఇంటికెందుకు పోయావని వీపు చిట్లగొడుతుందనుకున్నాను. ఆమె కొట్టలేదు. వంగి, నా పాదాలకు అంటిన జొన్న గింజల్ని ఒక్కొక్కటే తీసి, కళ్లకద్దుకొని, కొంగులో వేసుకుంది. "గా ఇంటి గింజ తొక్కకు కొడుకా" అంది. మాటల్లేని ఇంటి గింజకు దండమెందుకు పెట్టిందో నాకు బోధపడలేదు. అడిగితే "ఆడుకో పో" అంది. చాలాకాలం ఆ సంగతి నా బుర్రలో ఎక్కడా కుదురుకోకుండా తిరుగుతూనే ఉండిపోయింది.

నేను పదో తరగతిలో ఉండగా అమ్మ జ్వరంతో పోయింది. ఆమెతోపాటే ఆ మొదటి పిడికెడు కూడా పోయింది. నా పెళ్లినాడు నాయినను అడిగితే, "ఆడోళ్ల ముచ్చట, నాకేమెరుక" అని తల గోక్కున్నాడు. పందిట్లో ఈదవ్వ ఒకపక్క, బూబమ్మ ఒకపక్క కూర్చొని, చీర నాదంటే నాదని గట్టిగానే వాదించుకున్నారు. తగాదా అని భయపడి యాదమ్మ వాళ్ల వైపు వాళ్లు లేచి నిలబడ్డారు గానీ, మా ఊరివాళ్లు నవ్వుతున్నారు. చివరికి నాయిన మేడ్చల్‌కు మనిషిని పంపి ఇంకో చీర తెప్పించి ఇద్దరికీ పెట్టించాడు. వాళ్లిద్దరూ అక్కడే ఒకరి చీర రంగు ఒకరు మెచ్చుకుంటూ అన్నానికి కూర్చున్నారు. పెద్దమ్మ కూడా వచ్చింది. పందిరి గుంజ దగ్గరిదాకా వచ్చి, గుంజ పట్టుకొని కాసేపు నిలబడి, అక్షింతలు వెయ్యకుండానే, తినకుండానే వెళ్లిపోయింది. పెళ్లినాడు కూడా పగ పోలేదనుకున్నాను.

ఆ తర్వాత అందరి జీవితాల్లాగే నాదీ నడిచింది. మేడ్చల్ దగ్గర కోళ్ల దాణా ఫ్యాక్టరీలో చేరి, జొన్నలు, మక్కలు, తవుడు కలిపే పని చూసుకుంటూ అక్కడే పెద్దవాడినై, అక్కడే రిటైరయ్యాను. ఈదవ్వ పోయింది, బూబమ్మ పోయింది. ఊళ్లో మా బావి పూడ్చి ప్లాట్లు చేశారు. మాల్‌లో ఆ అమ్మాయి అడిగిన నాటినుంచి మాత్రం నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. చీర పెట్టాల్సిన చేతికి పెట్టామా, లేదా? అమ్మ నన్ను బతికించుకోవడానికి చేసిన మొక్కు తీరిందా, సగంలో ఉండిపోయిందా? ఆ కాలపు మనిషి ఒక్క పెద్దమ్మే మిగిలింది. అత్వెల్లిలో రోడ్డు పక్కన టైర్ల దుకాణం పెట్టుకున్న నర్సింలు దగ్గర ఉంటోంది. "తొంభైకి వచ్చింది తమ్మీ, రోజూ నీ పేరే తీస్తాంది. ఒక్కసారి వచ్చి పో" అని అతను ఫోన్లో రెండు మూడుసార్లు అన్నాడు. నేనే పోలేదు. ఈసారి ఒక చీర కొని సంచిలో పెట్టుకొని బయలుదేరాను. ఎవరికి పెట్టాలో ఆమె చెబితే, ఆ ఇంటి కోడళ్లకైనా ఇచ్చి రావచ్చని.

లారీల మోత మధ్య, టైర్ల గుట్ట వెనకాల రెండు గదుల ఇల్లు. పెద్దమ్మ మంచం మీద గోడకు ఆనుకొని కూర్చుంది. మనిషి సగమైంది గానీ చూపు అదే, గడపలో నిలబడి చూసిన చూపే. నన్ను దగ్గర కూర్చోబెట్టుకొని చెయ్యి పట్టుకొని వదల్లేదు. కుశలప్రశ్నలయ్యాక అడిగేశాను. "పెద్దమ్మా, మా అమ్మ కొంగుల మొదటి పిడికెడు ఎవరేసిర్రు? ఈదవ్వనా, బూబమ్మనా?"

"వాళ్లెట్లేస్తరు బిడ్డా" అంది. "మొదటి పిడికెడు పిల్లలు పోని ఇంట్ల తీస్కోవాలె. ఈదవ్వకు బిడ్డ పోలేదా? బూబమ్మకు కవలలు పోలేదా? ఊర్ల పిల్లలు పోని ఇల్లు నాదొక్కటే ఉండె."

"అయితే నువ్వేనా?"

"నేనియ్యలే. మీ అమ్మ వచ్చింది. నువ్వు దాని సంకల పిట్టంత ఉన్నవ్. కొంగు జాపి గడపల నిలవడ్డది. మాటల్లేవు మాకు, అయినా వచ్చింది. నేను తలుపేస్కున్న."

"నీళ్ల లొల్లి యాదికొచ్చా?"

"నీళ్లేందిరా, నీళ్లు. బుగులైంది నాకు. నా చేతి గింజతోని నువ్వు బతికితే, నా పిల్లల ఆయుస్సు గా గింజల వడి పోతదేమో అని బుగులైంది. నలుగురున్నరు గద, ఒక్క పిడికెడు ఏస్తే ఏం పోతుండె? నాకు చెయ్యి రాలే. తలుపు సందులకెల్లి సూశ్న. మీ అమ్మ పోలే. పొద్దుగాల కోళ్లకు సల్లిన జొన్నలు వాకిట్ల ఉండె. నిన్ను ఒక చేతవట్టుకొని, వంగి, గవి ఏరుకున్నది. కోళ్లు పొడుస్తుంటే చెయ్యి అడ్డం వెట్టి మరీ ఏరుకున్నది. కొంగున ముడేసుకొని, నా గడపకు మొక్కి పోయింది. తలుపేసిన గడపకు!"

నాకు పాదాలకంటిన జొన్నలు తీసి కళ్లకద్దుకున్న అమ్మ కనిపించింది. పందిరి గుంజ పట్టుకొని నిలబడ్డ పెద్దమ్మ కనిపించింది. ఈదవ్వకు, బూబమ్మకు ఆ నియమం తెలియకుండా ఉంటుందా? తెలిసే, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులిద్దరూ నాదంటే నాదని జీవితమంతా ఎందుకు వాదించుకున్నారు? ఆ పిడికెడు ఎవరూ వెయ్యలేదన్న లోటు నాకుండకూడదనా? పక్కింటి తలుపు సంగతి నాకు తెలియకూడదనా? ఏదీ తేల్చుకోలేక సంచిలోంచి చీర తీసి పెద్దమ్మ ఒళ్లో పెట్టాను.

"నాకెందుకురా?"

"మొదటి గింజ నీ వాకిట్లదే గద."

"ఇయ్యంది బిచ్చమెట్లయితది? అది తీస్కున్నది, నేనియ్యలే. చీర కోళ్లకు వెట్టు పో" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆమె ఏడ్చింది, నాకూ కళ్లు నిండాయి. పనిచేసినంతకాలం కోళ్లకు దాణా కలిపి పెట్టాను కాబట్టి ఆ బాకీ తీరిందనే అనుకోవచ్చు. మరి మా అమ్మ మొక్కు? ఇవ్వని చేతికి చీర పెడితే మొక్కు తీరుతుందా? పెద్దమ్మకూ తెలియలేదు, నాకూ తెలియలేదు.

నేను లేవబోతుంటే ఆమె ఆగమంది. మంచం పట్టుకొని లేచి, గోడ పట్టుకొని నడిచి, వంటగదిలో బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడైంది. తిరిగి వచ్చేసరికి పిడికిలి బిగించి ఉంది. "కొంగు వట్టు" అంది. నాకు కొంగెక్కడిది? జేబులో ఉన్న రుమాలు తీసి రెండు చేతులా జాపి నిలబడ్డాను. ఆమె నా రుమాల్లో బియ్యం పోసింది. గుమ్మంలో నర్సింలు టైరు చేతపట్టుకొని అలాగే చూస్తుండిపోయాడు.

తిరుగు దారిలో బస్సు కిటికీలోంచి చూస్తే ఎక్కడ చూసినా గేట్లే. గేటు పక్కన గది, గదిలో వాచ్‌మన్, ఎవరింటికని అడిగే కాగితాలు. ఇప్పుడు ఏ తల్లి అయినా బిడ్డను సంకనేసుకొని కొంగు జాపాలన్నా జాపే వాకిలి లేదు. గింజలు చల్లే వాకిలి లేదు, ఏరుకునే వాకిలి లేదు. పిల్లలు దక్కుతున్నారు, అంతకంటే ఏం కావాలి, మంచిదే. భిక్షపతులు మాత్రం ఇక పుట్టరు.

ఇంటికొచ్చి రుమాలు మూట వంటగట్టు మీద పెట్టి, కాళ్లు కడుక్కొని వచ్చేసరికి, యాదమ్మ ఆ మూట విప్పి, ఆ బియ్యాన్ని గిన్నెలోని మా బియ్యంలో పోసి కడిగేసింది. "ఏం జేసినవే!" అని అరిచాను. "ఏమైంది? బియ్యమే గద" అంది బిత్తరపోయి. కుక్కరు కూతలు వేస్తుంటే పక్కనే కుర్చీ వేసుకొని కూర్చున్నాను. అన్నం వచ్చాక పళ్లెంలోకి వంగి చూశాను, తెల్లగా మెతుకులన్నీ ఒకేలా ఉన్నాయి. అమ్మ కుండలో కూడా జొన్నలు, పెసర్లు, గోధుమలు ఇలాగే ఉడికి ఒకటైపోయి ఉంటాయి. ఏ మెతుకు పెద్దమ్మదో తెలియదు కాబట్టి, ఒక్క మెతుకు కూడా వదలకుండా తిన్నాను.